ఫిలిప్పీన్స్ కళా ప్రదర్శన మీ ఊరి హాలుకి రావాలంటే

ముందు ట్రక్కు ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. గోడల రంగు, పోస్టర్లు, ప్రారంభోత్సవానికి ఎవర్ని పిలవాలి అన్నవన్నీ తర్వాత. పెట్టె ట్రక్కులోంచి దిగి, మీ గుమ్మంలో పట్టి, హాలు దాకా రాగలదో లేదో తేలకుండా మిగతా ప్లాన్లు ఎన్ని వేసినా దండగే.

నేను కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒక చిన్న మ్యూజియంలో రిజిస్ట్రార్‌ని. సొంతూరు బందరు. మా మ్యూజియంలోకి వచ్చే ప్రతి వస్తువునీ, బయటికి పోయే ప్రతి వస్తువునీ లెక్కకెక్కించి, వచ్చింది వచ్చినట్టు తిరిగి వెళ్లేలా చూడటం నా ఉద్యోగం. ఈ వ్యాలీలో ఫిలిపినోలది పాత కథ. 1920ల నుంచి ఆస్పరాగస్ పొలాల్లో కూలికి వచ్చిన కుర్రాళ్లు స్టాక్టన్‌లో లిటిల్ మనీలా అనే పేటనే కట్టుకున్నారు. తర్వాత అందులో చాలా భాగాన్ని హైవే కోసం కూల్చేశారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఫిలిప్పీన్స్ నేతలు, చెక్కబొమ్మలు, పాత ఫొటోలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మిగతా ఆసియా దేశాలవీ అప్పుడప్పుడూ వస్తాయి.

ఈమధ్య మా చుట్టుపక్కల తెలుగు సంఘాలవాళ్లు కూడా ఫోన్ చేస్తున్నారు. లైబ్రరీ హాల్లోనో, కమ్యూనిటీ సెంటర్లోనో పక్కింటి ఫిలిపినోలతో కలిసి ఇలాంటి ప్రదర్శన పెట్టాలంటే ఏం చెయ్యాలండీ అని అడుగుతున్నారు. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నా అనుభవంలో వస్తువు గోడ మీద ఉండగా దెబ్బతినడం తక్కువ, చేతులు మారేటప్పుడు దెబ్బతినడం ఎక్కువ. అందుకని ఈ రాతలో పెట్టె విప్పడానికే పెద్దపీట. పబ్లిసిటీ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

బోర్డులా, వస్తువులా?

ఊరూరా తిరిగే ప్రదర్శనలు మోటుగా రెండు రకాలు. ఒకటి, ఫొటోలూ కథనమూ అచ్చేసిన బోర్డులు. రెండోది, అసలు వస్తువులు. మొదటిసారి పెట్టేవాళ్లు బోర్డులతో మొదలుపెట్టండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. స్మిత్సోనియన్ సంస్థకి ఇలా ఊళ్లు తిప్పడానికే ఒక విభాగం ఉంది. ఫిలిపినో అమెరికన్ల చరిత్ర మీద ‘సింగలాట్’, ఆసియా అమెరికన్లందరి మీద ‘ఐ వాంట్ ది వైడ్ అమెరికన్ ఎర్త్’, మనవాళ్ల మీద 2014లో వాషింగ్టన్‌లో మొదలైన ‘బియాండ్ బాలీవుడ్’ అలా తిరిగినవే. బోర్డులకి తేమ లెక్కలు అక్కర్లేదు, గాజు పెట్టెలు అక్కర్లేదు, రాత్రి కాపలా అక్కర్లేదు. మీకు కావలసినంత గోడ ఉంటే చాలు.

ఆ గోడని మాత్రం అడుగుల్లో కొలవండి, కంటి అంచనా పనికిరాదు. తలుపులు, కిటికీలు, మంటలార్పే సిలిండరు, స్విచ్‌బోర్డు ఇవన్నీ తీసేస్తే మిగిలేదే మీ గోడ. ప్రదర్శన ఇచ్చేవాళ్లు మాకిన్ని అడుగుల గోడ కావాలి అంటే ఆ మిగిలిన లెక్కే చెప్పాలి. ఖాళీ పెట్టెలకి కూడా చోటు కావాలన్న సంగతి దాదాపు ఎవరికీ తట్టదు. విప్పిన పెట్టెల్ని ప్రదర్శన ముగిసేదాకా ఎండా వానా తగలని గదిలో ఉంచాలి. తిరిగి అందులోనే పంపాలి కాబట్టి వాటిని బయట షెడ్డులో పడేయడానికి వీల్లేదు. లోపలి స్పాంజికి ఎలకలు పట్టినా, తడి తగిలినా ఆ ఖర్చు మీదే.

ఇక అసలు వస్తువులే కావాలి అనుకుంటే రాసిచ్చే కాగితాలు పెరుగుతాయి. మొదట మీరు ‘ఫెసిలిటీ రిపోర్ట్’ నింపాలి. హాలు ఎప్పుడు కట్టారు, పైకప్పు దేనితో వేశారు, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, పొగ అలారం ఏ రకం, ఏసీ రాత్రిళ్లు నడుస్తుందా, గుమ్మం ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, లోపలికి మెట్లున్నాయా అన్నీ అడుగుతారు. నిజం రాయండి. ‘ఏసీ రాత్రి 9 తర్వాత ఆపేస్తాం’ అని రాస్తే వస్తువు ఇవ్వరేమో అన్న భయంతో కొందరు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ గడి చూస్తే నాలాంటివాళ్లకి ఇంకా అనుమానం. ఆపేస్తాం అని రాస్తే కనీసం మాట్లాడుకోవచ్చు. ప్రదర్శన ఉండే మూడు నెలలూ ఆపకుండా ఉంచడమో, మూసి ఉండే గాజు పెట్టెలో తేమని అదుపులో ఉంచే సిలికా జెల్ పెట్టడమో ఏదో ఒక దారి దొరుకుతుంది.

తర్వాత లోన్ అగ్రిమెంట్, అంటే వస్తువు అరువిచ్చే ఒప్పందం. అందులో నేను మొదట చూసేది ఇన్సూరెన్స్ పేరా. వస్తువు ఇచ్చినవాళ్ల గోడ మీంచి దిగిన క్షణం నుంచి మళ్లీ ఆ గోడ ఎక్కేదాకా, దారి ప్రయాణమంతా కలిపి ఇన్సూరెన్స్ ఉండాలి. మీ హాలులో ఉన్నన్నాళ్లకే రాసే పాలసీలు ఉంటాయి. అవి ఈ పనికి చాలవు. భూకంపానికి, వరదకి మినహాయింపులు ఉన్నాయేమో కూడా చూడండి. కాలిఫోర్నియాలో ఉండి భూకంపం మినహాయించిన పాలసీ తీసుకుంటే తీసుకోనట్టే.

సముద్రం దాటి వస్తుంటే

అమెరికాలోనే ఉన్న సేకరణ నుంచి తెచ్చుకుంటే ఈ భాగం వదిలేయొచ్చు. మనీలా నుంచో, మరో దేశం నుంచో వస్తే మాత్రం నెలల ముందే మొదలుపెట్టాలి.

ఫిలిప్పీన్స్‌లో సాంస్కృతిక సంపద చట్టం ఉంది, రిపబ్లిక్ యాక్ట్ 10066. దాని ప్రకారం అలాంటి వస్తువు దేశం దాటాలంటే అక్కడి అనుమతి కావాలి, ప్రదర్శన కోసం తాత్కాలికంగా అయినా సరే. ఆ కాగితం తేవడం వస్తువు ఇచ్చేవాళ్ల బాధ్యత. కాపీ మాత్రం మీ ఫైల్లో ఉండాలి.

చెక్కపెట్టె చెక్కకి కూడా రూలుంది. దేశాలు దాటే చెక్క ప్యాకింగుని లోపలిదాకా 56 డిగ్రీల వేడి, 30 నిమిషాలపాటు తగిలేలా వేడి చెయ్యాలి, లేదా మందు పొగ పెట్టాలి. పురుగు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం ఇది. పెట్టె మీద గోధుమకంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. ముద్ర లేని పెట్టెని రేవులోనే ఆపేస్తారు, లోపల ఏమున్నా సరే.

అన్నిటికంటే తలనొప్పి ఏనుగు దంతం. స్పెయిన్ ఏలిన కాలంలో ఫిలిప్పీన్స్‌లో దంతంతో చెక్కిన క్రైస్తవ సాధువుల బొమ్మలు, సాంతోలు, చాలా అందంగా ఉంటాయి. ముఖమూ చేతులూ దంతం, ఒళ్లు చెక్క. పంతొమ్మిదో శతాబ్దం నాటి తాబేటి చిప్ప దువ్వెనలూ అంతే ముచ్చటగా ఉంటాయి. ఏనుగు, సముద్రపు తాబేలు రెండూ సైటిస్ కిందికి వస్తాయి, అంటే అంతరించే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం కిందికి. తిరిగే ప్రదర్శనల కోసం సైటిస్‌లో ప్రత్యేక సర్టిఫికెట్ ఉంది కానీ అది చేతికి రావడానికి సమయం పడుతుంది. వయసు రుజువులు అడుగుతారు, ప్రతి సరిహద్దులోనూ ముద్ర కొట్టించుకోవాలి. చిన్న హాలువాళ్లకి నా సలహా ఒకటే. జాబితాలో దంతం వస్తువు ఒక్కటుంటే దాని బదులు ఫొటో ఇమ్మనండి. లేకపోతే మిగతా జాబితా మొత్తం దాని కోసం ఆగిపోతుంది.

పెట్టె వచ్చిన రోజు, ఆ మర్నాడు

లిఫ్ట్‌గేట్, అంటే సామాను కిందికి దించే పలక వెనక ఉన్న ట్రక్కే రావాలని బుకింగ్‌లో రాయించండి. మాకు ఒకసారి అది లేని ట్రక్కు వచ్చింది. డ్రైవరు నలుగురం పట్టి దించేద్దాం అన్నాడు, సామాను తనదే అన్నంత ధైర్యంగా. మేం ఒప్పుకోలేదు. పెట్టె ట్రక్కులోనే ఉండగా లిఫ్ట్ అద్దెకి తెప్పించాం, సాయంత్రమైపోయింది. అందరూ విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి.

పెట్టె దిగగానే నాలుగు పక్కలా ఫొటోలు తియ్యండి. పక్కలకి అంటించిన, గట్టి కుదుపు తగిలితే ఎర్రబడే సెన్సర్లు రంగు మారాయేమో చూడండి. మారితే డ్రైవరు ముందే రసీదు మీద రాసి సంతకం తీసుకోండి. తర్వాత ఆ పెట్టెని ప్రదర్శన గదిలోనే పెట్టి, మూత తియ్యకుండా 24 గంటలు వదిలేయండి. మా దగ్గర ఆగస్టులో బయట 40 డిగ్రీలుంటే లోపల 21. ట్రక్కులో వేడెక్కిన చెక్కని వెంటనే చల్లని గాలిలోకి తీస్తే లోపలి తేమ ఒక్కసారి మారుతుంది. రంగుపొర లేస్తుంది, పగులు తెరుచుకుంటుంది. ఈ 24 గంటల్లోనే సంఘం పెద్దలు ‘ఒక్కసారి చూసి పోతామమ్మా’ అని వస్తారు. కాఫీ ఇచ్చి పంపండి.

మర్నాడు విప్పేటప్పుడు గదిలో ముగ్గురు చాలు. ఒకరు విప్పడానికి, ఒకరు పట్టుకోవడానికి, ఒకరు రాయడానికి, ఫొటోలు తీయడానికి. మూత తీసిన దగ్గర్నుంచి ప్రతి పొరకీ ఫొటో ఉండాలి. ఏ స్పాంజి ముక్క ఏ బొమ్మ కింద ఉంది, ఏది ఎటు తిరిగి ఉంది అన్నవన్నీ అందులో కనపడాలి. మూడు నెలల తర్వాత తిరిగి కట్టేది మీరే, అప్పుడు మీ జ్ఞాపకం మీకు సాయం రాదు. ఉంగరాలు, గాజులు, మెడలో ఐడీ కార్డు తీసేయండి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. సినిమాల్లో చూపించే తెల్ల నూలు గ్లౌజులు నార వస్త్రాలకీ, గరుకు చెక్కకీ తగులుకుంటాయి, పీచు లేపేస్తాయి. ఇత్తడి పాత్రలైతే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. ఫిలిప్పీన్స్ దక్షిణాన మిందనావో దీవిలో మరనావో తెగవాళ్లు చేసే వెండి పొదిగిన ఇత్తడి బొజ్జపాత్రల మీద వేలిముద్రలోని ఉప్పు కొన్నాళ్లకి నల్లగా తేలుతుంది, మళ్లీ పోదు.

ఇప్పుడు కండిషన్ రిపోర్ట్, అంటే వస్తువు ఏ స్థితిలో వచ్చిందో రాసిపెట్టే కాగితం. ఇది ఎలా ఉంటుందో ఒక్క వస్తువుతో చూపిస్తాను.

లూజాన్ దీవి ఉత్తరాన కొండల్లో ఇఫుగావో తెగవాళ్లు ధాన్యపు కొట్టులో నిలబెట్టే చెక్కబొమ్మని బులుల్ అంటారు. సాధారణంగా జంటగా చేస్తారు, ఆడా మగా. కూర్చున్న బులుల్ మోకాళ్ల మీద చేతులు ముడుచుకుని ఉంటుంది. టేబుల్ మీద మెత్తటి ఫోమ్ పరిచి, దాని మీద బొమ్మని నిలబెట్టి, గదిలో లైట్లు తగ్గించి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వెయ్యాలి. ఎదురుగా వేస్తే కనపడని గీతలన్నీ ఆ పక్కవెలుగులో నీడలు పడి తేలతాయి. నేను పైనుంచి మొదలుపెట్టి కిందికి, తర్వాత బొమ్మ చుట్టూ ఎప్పుడూ ఒకే దిక్కుగా తిరుగుతాను, ఏ భాగమూ తప్పిపోకుండా. రాసేది ఇలా ఉంటుంది: ‘ఎడమ మోకాలి కింద, వెనకవైపు, 3 సెంటీమీటర్ల నిలువు పగులు. అంచులు నల్లగా ఉన్నాయి, లోపల దుమ్ము ఉంది. పాతది.’ ఆ చివరి మాటే ముఖ్యం. పాత పగులు లోపల చెక్క రంగు మాసి ఉంటుంది. కొత్తగా పగిలితే లోపల చెక్క లేతగా, అప్పుడే కోసినట్టు కనిపిస్తుంది. దారిలో పగిలిందా, ఇరవై ఏళ్ల కిందటే పగిలిందా అన్న గొడవ రేపు వస్తే మీ తరఫున మాట్లాడేది ఈ వాక్యమూ, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో మాత్రమే. ‘చిన్న పగులు ఉంది’ అని రాస్తే దానికి అర్థం లేదు. ఎక్కడ, ఎంత, ఎటు, పాతదా కొత్తదా, నాలుగూ ఉండాలి.

బులుల్ ఒంటి మీద నల్లగా, కొన్నిచోట్ల పొరలు పొరలుగా, జిగటగా అనిపించే పట్టు ఉంటుంది. కొత్త వాలంటీర్ల చెయ్యి వెంటనే తడిగుడ్డ వైపు పోతుంది. ఆ పట్టు పంట పూజల్లో పోసిన బియ్యపు సారా, బలి ఇచ్చిన పంది రక్తం, కొట్టులోని పొగ కలిసి తరాలుగా పేరుకున్నది. ఆ బొమ్మ కొలువులో ఉందనడానికి రుజువు అదే. తుడిస్తే చరిత్ర తుడిచినట్టే. రిపోర్టులో ‘పూజల వల్ల ఏర్పడిన పైపొర, కదిలించరాదు’ అని రాసి పక్కన పెట్టండి. బొమ్మ చుట్టూ ఫోమ్ మీద మెత్తని పిండిలాంటి పొడి రాలిందేమో మాత్రం కళ్లార్పకుండా చూడండి. లేత రంగు పొడి తాజాగా రాలుతోందంటే లోపల పుచ్చుపురుగు బతికే ఉంది. బొమ్మని ప్లాస్టిక్ కవర్లో మూసి వేరే గదిలో పెట్టి ఇచ్చినవాళ్లకి ఫోన్ చెయ్యండి. మందు కొట్టడం, ఎండలో పెట్టడం లాంటి ఇంటి వైద్యాలు వద్దు. వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా దాని మీద మీరేమీ చెయ్యకూడదు.

నేతల సంగతి వేరు. మిందనావోలో లేక్ సెబు దగ్గర తిబోలి తెగ స్త్రీలు అబాకా నారతో నేసే తినాలక్ బట్ట చూస్తే మనవాళ్లు ఆగిపోతారు. నెయ్యకముందే పోగుల్ని ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాత నేసినప్పుడు డిజైను తేలడం పోచంపల్లి చీర కట్టినవాళ్లకి కొత్త కాదు. తేడా నారలోనే ఉంది. అబాకా అరటి జాతి మొక్క నార, బిరుసుగా ఉంటుంది. నేసిన బట్టని గవ్వతో రుద్ది రుద్ది మెరుపు తెస్తారు. అలాంటి బట్టని మడత పెడితే మడత దగ్గర నార విరుగుతుంది, ఆ గీత ఇస్త్రీతో పోయేది కాదు. కాబట్టి అది వెడల్పాటి గొట్టానికి చుట్టే వస్తుంది, అలాగే తిరిగి వెళ్లాలి. విప్పేటప్పుడు ఇద్దరు చెరోపక్కా పట్టి, గొట్టాన్ని దొర్లించాలి, బట్టని లాగకూడదు. ఇంకో మాట, తినాలక్ మీదుగా దాటడం తిబోలీలకి దోషం. నేల మీద పరిచి పరీక్షించాలని ఎవరైనా అంటే ఆపండి, టేబుల్ వెయ్యమనండి. నేతగత్తెల కలల్లోకి డిజైన్లు వస్తాయని, అబాకా దేవత ఫు దాలు వాటిని ఇస్తుందని వాళ్ల నమ్మకం. 1998లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం జాతీయ సజీవ సంపదగా గుర్తించిన లాంగ్ దులాయ్ అలా నేసిన ఆవిడే.

పిన్యా బట్ట, అంటే అనాస ఆకుల నారతో అక్లాన్ ప్రాంతంలో నేసేది, గాలికి ఎగిరేంత పల్చన. 2023లో యునెస్కో జాబితాకెక్కింది. పిన్యా బారోంగ్ చొక్కాని హ్యాంగరుకి వేలాడదీయమని ఎవరన్నా వినకండి. భుజాల దగ్గర బరువంతా పడి నార తెగుతుంది. మెత్తటి బొమ్మ భుజం మీదయినా వెయ్యాలి, ఏటవాలు బల్ల మీదయినా పడుకోబెట్టాలి.

వెలుతురు లెక్క

బట్టలకీ కాగితానికీ 50 లక్స్ మించకూడదు. లక్స్ అంటే వెలుతురు కొలత. లక్స్ మీటరు ఖరీదైన వస్తువేం కాదు, కొనండి. 50 లక్స్ అంటే మన ఇళ్లలో సాయంత్రం ఒక్క చిన్న బల్బు వేసుకుంటే ఉండేంత వెలుతురు. లోపలికి రాగానే జనం ‘చీకటిగా ఉందేంటి’ అంటారు. గుమ్మం దగ్గర ఒక మసక దారి పెడితే నిమిషంలో కళ్లు అలవాటు పడతాయి.

వెలుతురు చేసే నష్టం పోగుపడుతుంది. రోజుకి 8 గంటలు, వారానికి 6 రోజులు, 12 వారాలు అంటే 576 గంటలు. 50 లక్స్ చొప్పున 28,800 లక్స్ గంటలు. అదే మీరు ఫొటోలు బాగా రావాలని 200 లక్స్ పెడితే మూడు నెలల కోటా మూడు వారాల్లో అయిపోతుంది. జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లో కొన్ని పాత రంగులు దీనికి ఇంకా ముందే లొంగిపోతాయి. అందుకే అలాంటివి ఇచ్చేటప్పుడు సగంలో ఒక చిత్రం దించి ఇంకోటి పెట్టాలని షరతు పెడతారు. రాత్రి ఊడ్చేవాళ్లు లైట్లన్నీ వేసుకుంటారు, అదీ లెక్కలోకి వస్తుంది. వాళ్లతో ముందే మాట్లాడండి. కిటికీ ఉంటే మూసేయండి, కర్టెన్ చాలదు.

తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని చాలా ఒప్పందాల్లో రాస్తారు. అంకె కంటే ఒడిదుడుకులు ప్రమాదం. ఫిలిప్పీన్స్ చెక్క తేమదేశంలో పుట్టి పెరిగింది. సెంట్రల్ వ్యాలీ పొడిగాలికి అది ముడుచుకుంటుంది, పగులు తీస్తుంది. గది మూలల్లో తేమని నమోదు చేసే డేటా లాగర్లు పెట్టి వారానికోసారి గ్రాఫు చూడండి. ప్రతి రాత్రీ ఒకే గంటకి గీత కిందకి పడుతుంటే ఎవరో ఏసీ మీట నొక్కుతున్నారన్నమాట.

బొమ్మల్ని నిలబెట్టేటప్పుడు కింద మ్యూజియం మైనం, వెనక సన్నటి ఇత్తడి పట్టీ తప్పనిసరి. ఇది భూకంపాల నేల. పెద్ద ట్రక్కు పక్కనుంచి పోయినా పీఠం కదులుతుంది.

పక్కన రాసే చీటీలు, ఎదురుగా నిలబడే మనుషులు

నేను చూసినంతలో మన వాలంటీర్లకి ఒక బలహీనత ఉంది. ఫిలిప్పీన్స్ వస్తువులో ఏ కాస్త పరిచయం కనిపించినా ‘ఇదంతా మన దగ్గర్నుంచి వెళ్లిందే’ అని ఆనందపడిపోవడం. 2015లో న్యూయార్క్ ఏషియా సొసైటీలో ఫిలిప్పీన్స్ బంగారం ప్రదర్శన పెట్టారు. మాగెల్లాన్ 1521లో అడుగుపెట్టడానికి శతాబ్దాల ముందరి నగలవి. అందులో దాదాపు 4 కిలోల బంగారు జంధ్యం ఉంది. 1981లో సురిగావ్ దెల్ సుర్‌లో కాలవ పనికి మట్టి తవ్వుతున్న యంత్రం డ్రైవరుకి దొరికిన నిధిలోది. కిన్నరి ఆకారపు పాత్ర కూడా ఆ నిధిలోదే. చూస్తే మనకి గుండె పొంగడం సహజమే. కానీ ఆ తీగ అల్లిక, ఆ గొలుసుల పని బుటువాన్, సురిగావ్ కంసాలులది. సముద్రం మీద ఎన్నో దిక్కుల నుంచి వచ్చిన ఆలోచనల్ని వాళ్లు తమ చేతుల్లోకి తీసుకుని తమ రాజులకి నగలు చేశారు. చీటీలో ‘భారతీయ ప్రభావం’ అని రెండు మాటల్లో తేల్చేస్తే వాళ్ల పనితనం మాయమైపోతుంది. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎవరు ధరించారు అన్నది ముందు రాయండి. పోలిక చివర్లో ఒక వాక్యం.

పోలిక నిజంగా చెప్పదగిన సందర్భాలూ ఉంటాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టారు. అమరావతి, నాగార్జునకొండ, తెలంగాణలోని ఫణిగిరి రాళ్లు అందులో ఉన్నాయి. తర్వాత అవి సియోల్‌కి వెళ్లాయి. ఫణిగిరి తోరణపు ముక్క కొరియాలో నిలబడినప్పుడు అక్కడివాళ్లు దాన్ని గురించి చీటీ ఎలా రాయాలని మనం కోరుకుంటామో, బులుల్ గురించి మనం అలాగే రాస్తే సరి.

చీటీలు అచ్చుకి ఇచ్చేముందు స్థానిక ఫిలిపినో సంఘంవాళ్లకి చూపించండి. మర్యాద కోసం చూపించి ఊరుకోవద్దు, మార్చమంటే మార్చండి. మా దగ్గర ఒక పెద్దావిడ వాలంటీరు ఉన్నారు, అందరం తీతా, అంటే అత్తయ్య, అనే పిలుస్తాం. 1930ల నాటి ఫొటో బోర్డు కింద ‘గుర్తు తెలియని కూలీలు’ అని ఉంది. ఆనాటి ఫ్యాషన్ మెకింటాష్ సూట్లు వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, కారు పక్కన నిలబడ్డ కుర్రాళ్లు. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, ముక్కు ఫొటోకి ఆనేంత దగ్గరగా వెళ్లి, ఎడమనుంచి రెండో మనిషి మీద వేలు పెట్టకుండా గాల్లోనే ఆపి, ‘ఈయన మా నాన్నగారి గదిలో ఉండేవారు’ అన్నారు. ఇంకొకాయనది ఏ ఊరో ఆవిడే చెప్పారు. మూడోవాడి గురించి వాళ్ల చెల్లెల్ని అడిగి చెప్తానన్నారు. ఆ బోర్డు ఇచ్చిన సంస్థకి రాసి, చీటీ మార్పించాం. స్టాక్టన్‌లో ఫిలిపినోల సోదర సంఘం భవనమైన దగుహోయ్ లాడ్జి నేలమాళిగలో 2005లో ఇలాంటి కూలీల ట్రంకు పెట్టెలు బయటపడ్డాయి. బట్టలు, ఉత్తరాలు, ఫొటోలు అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తర్వాత వాటితో స్మిత్సోనియన్‌లోనే ప్రదర్శన పెట్టారు. ఆ ట్రంకుల మీద ఉన్న పేర్లని గుర్తుపట్టగలిగేవాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి. కాబట్టి హాల్లో ఒక మూల రెండు కుర్చీలు, ఒక బల్ల, పెన్సిళ్లు, చిన్న చీటీలు పెట్టండి. పెన్ను వద్దు, సిరా వస్తువుల దగ్గరికి రానివ్వకూడదు. ‘ఈ ఫొటోలో మీకు తెలిసినవాళ్లున్నారా?’ అని ఒక్క ప్రశ్న రాసిపెట్టండి. ఇంగ్లీషుతోపాటు తగాలోగ్‌లో, మా వైపైతే ఇలొకానోలో కూడా.

బులుల్‌ని పెట్టేముందు ఇఫుగావోలు ఎవరైనా దగ్గర్లో ఉంటే ఏదైనా క్రతువు చేస్తారేమో అడగండి. ఏమీ అక్కర్లేదంటారు, లేదా ఏదో చెప్తారు. చెప్పింది హాలులో చేయదగినదైతే చేయనివ్వండి. సారా చుక్కలు నేల మీద పడతాయంటే వస్తువులు రాకముందే ఆ కార్యక్రమం పెట్టుకోవచ్చు.

ప్రారంభోత్సవం గురించి ఒక్కటే చెప్తాను. భోజనాలు ఇంకో గదిలో. అడోబో అయినా పులిహోర అయినా వస్తువులున్న గదిలోకి పళ్లెం రాకూడదు. పురుగులకి దారి చూపించేది మన అతిథి మర్యాదే.

తిరుగు ప్రయాణం

ఆఖరి రోజు అందరూ అలసిపోయి ఉంటారు, హాలు ఇంకో కార్యక్రమానికి ఇచ్చేసి ఉంటారు. ప్రదర్శన ముగిసిన రాత్రే అన్నీ దించేసి కట్టేద్దాం అని ఒత్తిడి వస్తుంది. హాలు బుక్ చేసేటప్పుడే చివర మూడు నాలుగు రోజులు అదనంగా తీసుకోండి. వచ్చినప్పటి కండిషన్ రిపోర్ట్ చేతిలో పట్టుకుని ప్రతి వస్తువునీ మళ్లీ అదే టేబుల్ మీద, అదే పక్కవెలుగులో చూడండి. మోకాలి కింద పగులు 3 సెంటీమీటర్లే ఉందా? కొత్తది కనిపిస్తే దాచొద్దు, అదే రోజు ఫొటోతో ఇచ్చినవాళ్లకి పంపండి. దాచింది అవతలి ఊళ్లో బయటపడితే మీకు ఇంకెవరూ వస్తువు ఇవ్వరు.

పెట్టె విప్పినప్పుడు తీసిన ఫొటోల్ని పెద్దవిగా అచ్చు వేయించి గోడకి అంటించి, వెనక నుంచి ముందుకి కట్టుకుంటూ రండి. స్పాంజి ముక్క ఒకటి మిగిలిపోతే ఏదో తప్పుగా కట్టారని అర్థం, మళ్లీ విప్పండి. స్క్రూలు బిగించాక పెట్టె నంబరు, బరువు, ఏ వైపు పైకి అన్నది రెండు పక్కల కనపడేలా ఉందో లేదో చూసుకోండి. ట్రక్కు కదిలిన వెంటనే ఇన్సూరెన్స్ ఆపేయమని మీ ట్రెజరరుగారు అంటారు, రోజుకింత పడుతోంది కదా అని. అవతలివాళ్లు పెట్టెలు విప్పి, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టిన రసీదు మీకు వచ్చేదాకా ఆపకండి. ఆ రసీదునీ, రెండు కండిషన్ రిపోర్టులనీ, డేటా లాగర్ గ్రాఫులనీ ఒకే ఫైల్లో పెట్టి దాచండి. ఇంకో ప్రదర్శన కోసం ఫెసిలిటీ రిపోర్ట్ నింపేటప్పుడు ‘ఇంతకు ముందు మీ హాల్లో వస్తువులు పెట్టారా, ఆధారాలున్నాయా’ అన్న గడి వస్తుంది, అక్కడ ఆ ఫైలు జత చెయ్యండి.